సునందకు చెప్పని ఫోన్ మాట

లేదు అక్షయా, ఆడవాళ్లకు అన్ని బస్సులూ ఫ్రీ కాదు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆధార్ కార్డు చేత్తో పట్టుకొని దర్జాగా డీలక్సు ఎక్కి కూర్చొని భంగపడింది మీ అమ్మమ్మే. కండక్టరు పిల్ల మర్యాదగానే చెప్పింది: "అవ్వా, గిది డీలక్సు. గిండ్ల ఆధార్ నడ్వది. పైసలన్న తియ్యి, కిందన్న దిగు." బస్సంతా నా వైపు చూసింది. పైసలు తీశాను.

నాలుగు రోజులు ఎక్కడికి పోయావని మీ అమ్మ అడిగితే, ఆదిలాబాద్ దిక్కు సీతాఫలాలు బాగుంటాయని చెప్పాను. సీతాఫలాలు బాగుండే మాట నిజమే. పోయింది వాటి కోసం కాదు. మస్కట్‌లో ఉన్న మీ ఇద్దరికీ, నీకూ తమ్ముడు వరుణ్‌కూ, కాగితం మీద రాసి పంపుతున్నాను. ఫోన్‌లో చెబితే నా గొంతు విని మీరు నన్నే ఓదారుస్తారు. అది నాకు వద్దు.

మన వెనక పోర్షన్‌లో కిరాయికి ఉన్న మారుతి మీకు గుర్తుండే ఉంటాడు. జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో పని. ఎప్పుడు చూసినా జుట్టులో దూది నూగు. ఎండాకాలం సెలవుల్లో వరుణ్‌ను సైకిల్ మీద మార్కెట్ యార్డుకు తీసుకెళ్లేవాడు. అతని భార్య సునంద. మారుతికి నోట్లో పుండు లేచి, అది కాన్సర్ అని తేలింది. కరీంనగర్ పెద్దాసుపత్రిలో చాలా రోజులు చూసి, ఇక నయం చేసేదేమీ లేదు, ఇంటి దగ్గరే నొప్పి లేకుండా చూసుకుందాం అన్నారు. అలాంటి వాళ్ల ఇళ్లకు మందులు పట్టుకొని వచ్చే నర్సులు ఉంటారట అక్కడ. సునంద ఫోన్ పగిలిపోయి ఉండడంతో వాళ్ల కాగితంలో నా నంబరు రాసుకున్నారు.

రెండేళ్ల కింద, మే నెలలో, నీ ఓణీల ఫంక్షన్‌కు పది రోజులుందనగా ఒక పొద్దున నాకు ఆ ఫోన్ వచ్చింది. రజిత అనే నర్సు. "అమ్మా, మారుతి ఇంక మూడు నాలుగు రోజుల మనిషి. ఎక్కడికీ కదిలియ్యకుండ్రి. నొప్పికి మందు పట్టుకొని రేపు పొద్దున మేం వస్తున్నం. గీ మాట సునందకు చెప్పుండ్రి," అంది.

నేను చెప్పలేదు.

పంచాంగం తీసి చూశాను. ఆ మూడు నాలుగు రోజుల నక్షత్రాలు మంచివి కావు. అలాంటి రోజున ఇంట్లో ప్రాణం పోతే మన దిక్కు ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెడతారు. పోయింది కిరాయిదారైనా సరే. మూసిన ఇంట్లో ఫంక్షన్ ఎట్లా? సునంద దగ్గరికి వెళ్లి, "ఆసుపత్రోళ్లు ఫోన్ జేసిన్రు బిడ్డా. నెల రోజుల దాక ఫికర్ లేదట. సొంతూరి గాలి తగిలితె జర తేరుకుంటడట," అన్నాను. ఒక్క మాట గట్టిగా అనలేదు. ట్రాలీ ఆటో నేనే మాట్లాడాను. పరుపు నేనే వేయించాను. దారిలో తినమని సునందకు పెరుగన్నం డబ్బా కట్టి ఇచ్చాను. పన్నెండింటికల్లా ఆటో కదిలింది. కిరాయిదారును ఇంత మంచిగా చూసుకునే ఇంటామె ఉంటదా అని వాడకట్టులో అనుకున్నారు. విన్నాను. కాదనలేదు.

జన్నారం దాటాక అడవి దారిలో మారుతి ప్రాణం పోయిందని మరునాడు అతని తమ్ముడు ఫోన్ చేశాడు. నీ ఫంక్షన్ అనుకున్న రోజునే జరిగింది. ఫొటోల్లో నేను నవ్వుతూనే ఉన్నాను. నీ కోసమే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా తప్పే. నీకు కావాలా అని నిన్నెవరు అడిగారు?

ఆ ఫోన్ సంగతి సునందకు నా నోటితో చెప్పాలని పోయాను. అదీ ఈ ప్రయాణం.

కరీంనగర్

సునంద ఊరు ఉట్నూరు దగ్గర అని తప్ప నాకేమీ తెలియదు. రజిత సిస్టర్‌ను అడిగితే తెలుస్తుందని పెద్దాసుపత్రికి వెళ్లాను. ఇక బతకరని తెలిసినవాళ్ల కోసం అక్కడ ఒక వార్డు ఉంది. నేను భయపడుతూ లోపలికి అడుగుపెట్టాను. భయపడినట్టు ఏమీ లేదు. ఒకామె భర్తకు గడ్డం గీస్తోంది. అద్దం పట్టుకున్న కూతురు, "అమ్మా, మీసం వంకర పెడుతున్నవ్," అని నవ్వుతోంది. ఇంకో మంచం దగ్గర ఒక ముసలామె కొడుకు నోట్లో జావ పోయాలని చూస్తుంటే నర్సు గిన్నె పట్టుకొని ఆపింది.

"కడుపు అడుగుతలేదు అవ్వా. నువ్వు అడుగుతున్నవ్. దూది తడిపి పెదవులకు అద్దు, సాలు. గదే ఆయనకు అన్నం."

ముసలామె కాసేపు గిన్నె వైపు చూసి, దూది అందుకుంది.

అలా మాట్లాడిందే రజిత సిస్టర్. ఫోన్‌లో విన్న గొంతే. నేను ఇంకా పేరు చెప్పకముందే నన్ను గుర్తుపట్టింది. "మీరు జమ్మికుంట అమ్మ గదా? మారుతి ఉన్న ఇల్లు. మేం మందు తెచ్చేసరికి తాళం ఉండె. మీరే గద బయటికచ్చి చెప్పిన్రు, కదిలియ్యద్దని ఎంత బతిమాలినా సునంద ఇనలేదని."

అవును, అక్షయా. మరునాడు నర్సుల బండి మన ఇంటి ముందు ఆగినప్పుడు ఆ మాట కూడా అన్నాను. మొదటి అబద్ధం ఫంక్షన్ కోసం. రెండోది దేనికోసమో ఇప్పటికీ చెప్పలేను. ఆ క్షణాన నోటికి వచ్చింది. అంత తేలికగా వచ్చింది.

వార్డులో రజిత నా మొహం చూస్తూ నిలబడితే, నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. "అవును బిడ్డా," అన్నాను.

"మీ అసొంటి ఇంటి ఓనర్లు నూటికొక్కరమ్మా," అందామె. "మా కండ్ల ముంగటనే ఆటోలు పిలుస్తరు. పానం పోకముందే సామాను బయట పెట్టినోళ్లను గూడ చూసిన."

నేను సంచిలో రుమాలు వెతికాను. రుమాలు చేతిలోనే ఉంది.

ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాను. మారుతి పుండు వాసన మన వంటింటి దాకా వచ్చేది. పొద్దున సాయంత్రం ఊదు వేసేదాన్ని. మా దిక్కు కిటికీ తెరవొద్దని సునందకు చెప్పాను, ఆ మే నెల ఎండలో. ఈ వార్డులో అలాంటి పుండ్లవాళ్లే ఇద్దరున్నారు, గదిలో వాసన లేదు. ఎట్లా అని అడిగితే రజిత ఒక చిన్న డబ్బా మూత తీసి చూపించింది. తెల్లటి పొడి. "గోలీలు నూరి పుండు మీద చల్లుతం. కొన్ని దినాలల్ల వాసన తగ్గుతది. పెద్ద కర్సు గూడ కాదు. గా రోజు సంచిల గిదే తెచ్చిన మారుతికి."

సునంద ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఇదే పని చేస్తోందని, ఉట్నూరు ఆసుపత్రివాళ్లు నేర్పించారని చెప్పి, ఊరి పేరు చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ రాత్రి మా చిన్నమ్మ కూతురి ఇంట్లో పడుకున్నాను. నా కోసం సర్వపిండి చేసింది. మన ఇంట్లోకంటే పల్లీలు ఎక్కువ వేస్తారు వాళ్లు. బాగుందని చెప్పాను గానీ సగం విడిచిపెట్టాను.

రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట

రెండో రోజు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను, ఈసారి బోర్డు రెండుసార్లు చదివి. నా పక్కన కూర్చున్నావిడ పేరు రాజేశ్వరి. మందమర్రి బొగ్గుబాయి కాలనీ. కూర్చుంటూనే, "అక్కా, కిటికీ కాడ నన్ను కూసోనీ. నాకు వాంతులైతయ్. తర్వాత నీ ఇష్టం," అంది. వెంటనే జరిగాను.

రాయపట్నం దగ్గర గోదావరి వంతెన మీద బస్సులో సగం మంది లేచి రూపాయి బిళ్లలు నీళ్లలోకి విసిరారు. నేనూ విసిరాను. "ఏం మొక్కుకున్నవ్?" అంది రాజేశ్వరి. మనవలు చల్లగా ఉండాలని అన్నాను. నిజానికి నేను మొక్కుకున్నది, సునంద ఇంట్లో లేకుండా ఉండాలని. వంతెన దాటేలోపు సిగ్గేసి మనసులో వెనక్కి తీసుకున్నాను. నాణెం మాత్రం గోదావరిలోనే ఉంది.

ఆమె భర్త ముప్పై ఏళ్లు బాయిలో దిగినవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పనిచేయవు. ఆక్సిజన్ పెట్టుకొని ఇంట్లోనే ఉంటాడు. "మా క్వార్టర్ల లైన్ల ఆడోళ్లం వంతులు పెట్టుకున్నం," అని చెప్పింది. "గియ్యాల నేను మా బిడ్డ ఇంటికి పోయస్తున్న గద, నా ముసలోని కాడ ఇద్దరున్నరు. ఒకామె వండుతది, ఒకామె ఆయన్ని తిడుతది. ఆయనకు తిట్టు లేకుంటె తోచది."

"ఆసుపత్రి మంచం అసొంటివి దొరుకుతయా?"

"మా లైన్‌కు ఒకటుంది. తలకాయ దిక్కు లేపేటిది, దించేటిది. చందాలేసుకొని తెచ్చినం. ఎవలింట్ల కష్టముంటె ఆ ఇంటికి పోతది. గా మంచం మీద ముగ్గురు పోయిన్రు. ఇప్పుడు మా ఇంట్లుంది."

"భయం గాదా?"

"మంచానికేం భయం? అది తయారుగుంటది. మనమే తయారుగుండం."

నేను గొంతు తగ్గించి అడిగాను. "మరి నక్షత్రం మంచిది గాకపోతె? ఇల్లు మూయరా?"

రాజేశ్వరి బస్సంతా వినేటట్టు నవ్వింది. "ఇల్లు మూసి యాడికి పోతం అక్కా? క్వార్టర్ కంపెనీది. కంపెనీకి నచ్చత్రముంటదా?" తర్వాత నా మొహంలో ఏం చూసిందో, గొంతు మార్చింది. "ఎవలింట్ల పీనుగ లేస్తె ఆ దినం మా లైన్ల ఎవ్వలం పొయ్యి ముట్టియ్యం. పక్క లైనోళ్లు అందరికి అన్నం పంపుతరు. గదే మా పంచాంగం."

లక్సెట్టిపేటలో దిగాక ఆమె మంచిర్యాల బస్సు వెతుక్కుంటూ వెళ్లిపోయింది. నేను మెట్టు దిగుతుంటే చెప్పు పట్టీ తెగింది. కుట్టించుకుంటే ఇరవై రూపాయలు. మన దగ్గర పదికి కుడతారని నేనంటే, చెప్పులు కుట్టే అతను తల ఎత్తకుండానే, "అయితె అక్కడి దాక కుంటుకుంట పో అవ్వా," అన్నాడు. మిర్చి బజ్జీ ప్లేటు ముప్పై. కారం మన దగ్గరకంటే తక్కువ, ఉల్లిగడ్డ మాత్రం ధారాళంగా వేస్తారు.

జన్నారం అడవి

ఉట్నూరు బస్సులో వెనక చక్రం మీది సీటు దొరికింది. జన్నారం దాటితే రెండు పక్కలా టేకు అడవి. జంతువులు రోడ్డు దాటుతాయని అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు వేశారు. ఒక్కోదానికి సీటు మీద నుంచి లేచి పడుతున్నాను. నడుములో కత్తి దిగినట్టుంది. ముందు సీట్లో కడుపుతో ఉన్న పిల్ల, "అన్నా, జర నిమ్మలంగ తోలు," అంటే డ్రైవరు, "అట్లనే చెల్లె," అని చేయి ఎత్తి నెమ్మదించాడు.

ఆ రోజు ట్రాలీ ఆటో అతనికి నేను చెప్పిన మాట వేరు. దారిలో ఎక్కడా ఆపకు, పొద్దుగూకక ముందే ఊళ్లో దింపు అన్నాను. దారిలో ఆగితే ఏ ఊరివాళ్లో చూసి, ఈ మనిషిని ఈ స్థితిలో ఎవరు పంపారని అడుగుతారేమోనని.

ఎక్కడ పోయాడో ఆ చోటు తెలుసుకోవాలని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఏం చూస్తాను? చెట్టు తర్వాత చెట్టు. ఒక మలుపు దగ్గర కోతులు కూర్చొని ఉన్నాయి. అక్కడేనేమో అనుకున్నాను, మళ్లీ ఇంకో మలుపు వచ్చింది.

బస్సు ఒక చోట ఆగితే కొందరు ఆడవాళ్లు సీతాఫలాల బుట్టలతో కిటికీల దగ్గరికి వచ్చారు. బుట్ట వంద. నేను అలవాటుగా ఎనభైకి బేరం చేశాను. ఆమె ఒప్పుకుంది. ఆమె చేతులు చూశాక వంద ఇచ్చాను. ఆమె పక్కామెతో, "గీ ముసలామెకేమైంది? బేరం తనే జేసె, ఎక్కువ తనే ఇచ్చె," అని నవ్వుకుంది.

సునంద ఊరు

సాయంత్రం నాలుగింటికి ఊరి రోడ్డు మీద దిగాను. పత్తి ఏరే రోజులు. ప్రతి వాకిట్లో పత్తి కుప్ప. చిన్న పిల్లను అడిగితే ఇల్లు చూపించింది. సునంద వాకిట్లోనే ఉంది, భుజాన సంచి వేసుకొని బయల్దేరబోతూ. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది.

"అమ్మా! ఒక్కదానివే అచ్చినవా? గింత దూరం?" అని వచ్చి నా చేతిలో బుట్ట అందుకుంది. "మా ఊరికి సీతాఫలాలు తెచ్చినవా? మంచిగుంది."

మారుతి తల్లి అరుగు మీద కూర్చొని ఉంది. ఆమెను ఇంట్లో అందరూ ఆయీ, అంటే అమ్మ, అంటారు. ఆమె మాట సగం మరాఠీ, సగం తెలుగు. "యే బాయీ, బస్," అని కూర్చోమంటూ పీట జరిపి, నా కాళ్లకు నీళ్లు తెప్పించింది. కొడుకును పంపేసిన మనిషినని ఆమెకు తెలియదు. నా కాళ్ల వాపు చూసి, "ఇంత దూరం మా కోసం అచ్చినవ్," అంది.

అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. సునంద నన్ను ఆపింది. "మాట తర్వాత అమ్మా. గంగారాం తాతను చూడాలె. నువ్వు గూడ రా. నీతోని పనుంది."

దారిలో మహిళా సంఘం వాళ్ల గది తాళం తీసింది. ఒకప్పుడు ఎరువుల బస్తాలు ఉంచేవారట. ఇప్పుడు ఒక చక్రాల కుర్చీ, గాలి పరుపు, మంచంలోనే మలమూత్రాలకు పెట్టే పళ్లేలు, ఉతికి మడిచిన పాత చీరలు. "మెత్తగున్న పాత చీరలు అడిగి తెత్త," అంది. "కొత్తయి ఒంటికి గుచ్చుకుంటయ్. నువ్వు గూడ పంపు." ఆమె గాలి పరుపు భుజాన వేసుకుంది. పళ్లెం నేను పట్టుకున్నాను.

గంగారాం మంచం ముందు గదిలో, వాకిలికి ఎదురుగా వేసి ఉంది. రోడ్డున పోయే ప్రతివాడూ తలుపు దగ్గర ఆగి ఒక మాట అని పోతున్నాడు. మన దగ్గర జబ్బు మనిషిని వెనక గదిలో వేస్తాం. మీ తాతకు జబ్బు చేసినప్పుడు మాత్రం ముందు గదిలో, ఫ్యాను కింద వేశాం. ఇల్లు మనది కదా.

కోడలు కవిత కళ్లు గుంటలు పడి ఉన్నాయి. సునంద తాతను పక్కకు తిప్పి, వీపు తుడిచి, పరుపు మార్చింది. ఎట్లా తిప్పాలో కవిత చేత మళ్లీ చేయించింది. తర్వాత, "పో, రొండు గంటలు పండుకో. గీ అమ్మ కూసుంటది," అంది. కవిత నన్ను చూసింది. తెలియని మనిషి. అయినా లోపలి గదిలోకి వెళ్లి ఒరిగింది. నిమిషంలో గురక వినిపించింది.

గంగారాం కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవలు గీ కొత్త ముసలిది? యముడు మనిషిని పంపిండా?"

"జమ్మికుంట నుంచి వచ్చిన," అన్నాను.

"యముడు గాదు, పత్తి మార్కెటు పంపింది," అన్నాడు. "క్వింటాలు ధరెంతుంది గాడ?"

తెలియదన్నాను. "పత్తి మార్కెటూర్ల ఉండి ధర తెల్వది. ఎందుకు పనికస్తవ్?" అని కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. రజిత వార్డులో చూసినట్టే దూది తడిపి అద్దాను. కళ్లు మూసుకొనే పెదవులు చప్పరించాడు. ఇంత చిన్న పని. నీళ్లూ దూదీ. మారుతి మన వెనక గదిలో ఉన్న ఆ నెలల్లో నేను అతని గడప లోపలికి నాలుగైదుసార్లకు మించి పోలేదు.

తలుపు చెక్క మీద సుద్దతో నంబర్లు రాసి ఉన్నాయి. కవిత లేచి వచ్చాక అవేమిటని అడిగాను.

"సునందక్క పెట్టిన ఖాయిదా," అంది కవిత. "ఆసుపత్రోళ్లు ఫోన్ చేసేటందుకు. ముందుగాల ఇంట్ల మనిషి నంబరు. మల్ల ఇద్దరు చుట్టాలది. ఒక్కటే నంబరుంటె ఒప్పుకోది. ఇంటోళ్లకు ఫోన్ లేకుంటె సంఘం ఫోన్ తెచ్చిస్తది. ఇంటి ఓనరుది అయితె అసలే రాయనియ్యది."

"ఎందుకట?"

"అడిగినం. చెప్పది."

చెప్పాలని రెండు వందల కిలోమీటర్ల దాకా మోసుకొచ్చిన మాట నాకంటే ముందే ఇక్కడికి చేరిందని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం ఏమీ మాట్లాడలేదు. ఆయీ పక్కన జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్లె తిన్నాను. ఆయీ నా కంచంలో వద్దన్నకొద్దీ వడ్డించింది. మరునాడంతా సునంద వెంట రెండు ఊళ్లు తిరిగాను. చీరలు మడిచాను, దూది ఉండలు చేశాను. ఎప్పుడు మొదలుపెడదామన్నా పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. ఎవరూ లేనప్పుడు నేనే మాట మార్చాను. ఎండ గురించి, పత్తి గురించి.

పొయ్యి ముందర

నాలుగో రోజు పొద్దున ఆయీ చేనుకు వెళ్లింది. సునంద పొయ్యి ముందు కూర్చొని రొట్టెలు చేస్తోంది. నా బస్సు తొమ్మిదింటికి. ఇక మిగిలింది గంట.

"సునందా, ఆ రోజు నర్సు ఫోన్ జేసి..." అని మొదలుపెట్టాను.

"తెల్సు," అంది. పిండి మీద నుంచి చేయి తీయలేదు.

"ఎప్పటి సంది?"

"దినాలు గాకముందే. రజిత సిస్టర్ యాడనో నంబరు దొరకిచ్చుకొని మా మరిది ఫోన్‌కు చేసింది. కోపం మీదుంది. 'ఇంటామె గంత చెప్పినా ఇనకుంట ఎందుకు కదిలిచ్చినవ్? మందు పట్టుకొని అచ్చినం గద' అని తిట్టింది. నేను 'తప్పైంది సిస్టర్' అన్న."

నేను అన్న రెండో అబద్ధం తిరిగి తిరిగి ఆమె మీదే పడిందన్నమాట. మొగుడు పోయి పది రోజులు కాకముందే, నేను చేసిన పనికి ఆమె తిట్లు తిని క్షమాపణ చెప్పింది.

"నాకెవ్వరు చెప్పలేదని ఎందుకనలేదు బిడ్డా?"

"నా సామాను నీ ఇంట్లుండె అమ్మా. బియ్యం డబ్బా, గ్యాస్ బండ, ఆయన సైకిలు. నీతోని కొట్లాడితె ఎట్ల తెచ్చుకుందు?" రొట్టెను పెనం మీద వేసింది. "తర్వాత అచ్చి తీస్కపోయిన. ఎండకచ్చినవని సల్ల ఇచ్చినవ్. తాగిన."

నాకు గుర్తుంది. ఇంకో గ్లాసు మజ్జిగ తాగమని కూడా అన్నాను.

"తప్పు జేసిన బిడ్డా. నన్ను..." అన్నాను. ఆమె తర్వాతి మాట కోసం ఎదురుచూడలేదు.

"రజిత సిస్టర్ ఇప్పటికి నా మీదనే అనుకుంటుంది," అంది సునంద. "మంచిగనే ఉంటది నాతోని. కని ట్రైనింగుల అందరికి చెప్తది, ఒకామె మాట ఇనకుంట మొగన్ని ఆటోల ఏసుకపోయింది, మీరు గట్ల చెయ్యకుండ్రి అని. పేరు చెప్పది. నేను ఎనుక వరుసల కూసుంట."

నేను ఫోన్ తీశాను. రజిత నంబరు సునందే నొక్కి ఇచ్చింది. రజితకు చెప్పాను. మీరు చేసిన ఫోన్ నేను సునందకు చెప్పలేదు, ఆమెకేమీ తెలియదు, బయటికి వచ్చి మీతో చెప్పింది కూడా అబద్ధం, మొన్న వార్డులో అవునన్నది కూడా అబద్ధం అని. అవతల వార్డులో ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత రజిత, "సునందకు ఇయ్యుండ్రి," అంది. ఇచ్చాను. సునంద లేచి గోడ వైపు తిరిగి విన్నది. "అయిపాయె సిస్టర్," అంది రెండుసార్లు. ఫోన్ నాకు తిరిగి ఇచ్చేటప్పుడు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. రొట్టె విరిచి, నువ్వుల పొడి వేసి నా ముందు పెట్టింది. "తిను. బస్సు దొరకది."

నేను తినలేకపోయాను. జన్నారం అడవిలో బస్సు ఎగిరిన ప్రతిసారీ నా మనసులోకి వచ్చిన ప్రశ్న ఒకటి ఉంది. ఫోన్ సంగతి చెప్పడం కష్టం అనుకున్నాను గానీ, ఇది అంతకంటే కష్టమైంది. మందు లేకుండా, ఎండలో, ఆగని ఆటోలో నాలుగు గంటలు. తెలుసుకునే హక్కు నాకు లేదు. తెలియకుండా ఇంటికి పోయే ధైర్యమూ లేదు. అడిగాను.

సునంద నా వైపు చూసింది. ఈ మూడు రోజుల్లో నన్ను అంతసేపు చూడడం అదే. పెనం కింద మంట తగ్గించింది. చేతులు కడుక్కుంది. గోడకు ఉన్న సంచి తీసి భుజాన వేసుకుంది.

"గంగారాం తాతను తిప్పే యాళ్లయింది," అని, చెప్పులేసుకొని వెళ్లింది.

అరుగు మీద కూర్చొని ఆమె వెళ్లిన దారి చూశాను. తొమ్మిదింటి బస్సు దూరంలో హారన్ కొట్టింది. ఆ ఇంటి దగ్గరే ఆగిపోదామా అనుకున్నాను. అప్పుడు గంగారాం ఇంట్లోంచి ఆమె గొంతు వినిపించింది, "తాతా, గీ దిక్కు తిరుగు, జర ఊపిరి పట్టు, నొప్పైతె చెప్పు," అని. వెళ్లి బస్సెక్కాను.

అక్షయా, వరుణ్, నేను ఆమెను అడిగింది ఇది: దారిలో మారుతికి నొప్పి చాలా లేచిందా బిడ్డా, ఆటో ఆపమని అన్నడా?